కాగితం పూల తొలి కొమ్మ

కాగితం పూల తీగ పాకని ప్రహరీ గోడ ఒక్కటీ లేని వీధి మన ఊళ్ళలో అరుదే. ఆ పూలు తల్లో పెట్టుకోం, పూజకు వాడం. అయినా గోడంతా విరగబూస్తే పొరుగింటావిడ కూడా ఆగి చూసి పోతుంది. చిక్కల్లా కత్తిరించేటప్పుడే. పెరిగిన తీగ మీద కత్తెర వెయ్యడానికి చాలామందికి మనసొప్పదు.

ఒప్పించుకోవాల్సిందే. మనం రేకులనుకునే ఆ రంగు కాగితాలు నిజానికి ఆకులు. మధ్యలో తెల్లగా చిన్న గొట్టంలా ఉంటుందే, అదీ అసలు పువ్వు. ఈ తీగ కొత్త చిగుళ్ళ మీదే పూస్తుంది. వదిలేస్తే పాత కొమ్మలు గోడ దాటి సాగి, దారిన పోయేవాళ్ళ చీరకొంగులు పట్టుకుంటాయి గానీ పూత పలచబడుతుంది. అందుకని ఒక విడత పూత రాలగానే పూసిన కొమ్మల్ని మూడోవంతు కోసేయాలి. ఎండు పుల్లల్ని మొదలంటా తీసేయాలి. కొత్త కొమ్మలు సాగాక నీళ్ళు తగ్గించాలి. మరీ పోస్తే అంతా ఆకే!

ఇంతకీ శాస్త్రజ్ఞుల కోసం ఈ తీగ నుంచి మొదటి కొమ్మ కోసిన చెయ్యి ఎవరిది?

దీని అసలు పేరు బోగన్‌విలియా. బోగన్‌విల్ ఒక ఫ్రెంచి నౌకాదళ నాయకుడు. 1766లో ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరాడు. ఆ యాత్రలో కొమెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడున్నాడు. 1767లో బ్రెజిల్‌లోని రియో రేవులో ఓడలు ఆగినప్పుడు ఈ మొక్క ఆయన చేతికొచ్చింది. నాయకుడి పేరు పెట్టేశాడు.

అయితే ఆ రోజుల్లో కొమెర్సన్ కాలి పుండుతో నడవలేక అవస్థ పడుతున్నాడు. కొండలెక్కి మొక్కలు తెచ్చే పని ఆయన నౌకరు మీద పడింది. ఈ మొక్కను కోసిందీ ఆ నౌకరేనని కొందరు చరిత్రకారుల ఊహ. ఆ నౌకరు మగవాడు కాదు. పేరు జీన్ బారే. బర్గండీ పల్లెటూళ్ళో 1740లో పుట్టిన పేదింటి పిల్ల. కొమెర్సన్ ఇంటిపనులు చూసేది. అప్పట్లో ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో ఆడవాళ్ళను ఎక్కనిచ్చేవారు కాదు గనక మగవేషం కట్టింది.

మంచు కొండల్లో సైతం తిండీ, తుపాకులూ, మొక్కలు అద్దిన పుస్తకాలూ మోసుకుంటూ తిరిగిందని బోగన్‌విలే రాశాడు. ఆమెకు కొమెర్సన్ పెట్టిన ముద్దుపేరు ‘బరువులు మోసే గొడ్డు’ అట. ముద్దే మరి!

1768లో తాహితీ దీవి వాళ్ళు చూడగానే ఆడమనిషని పోల్చేశారని బోగన్‌విల్ కథనం. తర్వాత వాళ్ళిద్దరూ మారిషస్‌లో దిగిపోయారు. 1773లో కొమెర్సన్ పోయాడు. పరాయి దీవిలో ఒంటరిగా మిగిలిన బారే పోర్ట్ లూయీలో సారాయి అంగడి పెట్టుకుని బతికింది. ఒక సైనికుణ్ణి పెళ్ళాడి ఫ్రాన్సు చేరింది. అలా భూమిని చుట్టి వచ్చిన మొదటి స్త్రీ అయింది. 1785లో నౌకాదళమే ఏడాదికి 200 లీవ్రుల పింఛను ఇచ్చింది.

కొమెర్సన్ ఒక మొక్కకు ఆమె పేరు పెట్టాలనుకున్నాడు. అది నిలవలేదు. ఆయన పేరుతో మాత్రం మొక్కలు బోలెడు. చివరికి 2012లో, దక్షిణ అమెరికాలో దొరికిన ఒక వంగ జాతి తీగకు ఆమె పేరు కలిపారు. సొలానమ్ బారెటియే అంటారు దాన్ని.