స్వాన్సీ నగరము – తామ్రధూమము

వేల్సు దేశమందలి స్వాన్సీ నగరమునకు పందొమ్మిదవ శతాబ్దమున ‘కాపరోపొలిస్’, అనగా తామ్రపురి, యని ప్రసిద్ధి. రాగి కరగించుటకు ఖనిజముకంటె బొగ్గే ఎక్కువ కావలెను. కావున ఖనిజమే ఓడలెక్కి బొగ్గుగనుల చెంతకు వచ్చుచుండెను. మొదట కార్న్‌వాల్ నుండి, పిమ్మట క్యూబా, చిలీ దేశములనుండి. లాండోర్ వద్ద 1717లోనే కొలుములు వెలసెను.

రాగిఖనిజములో గంధకము కలదు. కాల్చినపుడు వెలువడు దాని వాయువు వానతో కలిసి ఆమ్లమై నేలకు దిగును. కిల్వే కొండ బోడివడెను; వేళ్ల పట్టు తప్పిన మట్టి కొట్టుకొనిపోయెను. పైరులు మాడుచున్నవనియు, పశువులు రోగగ్రస్తములగుచున్నవనియు రైతులు మొరపెట్టిరి.

హఫోడ్ కర్మాగారాధిపతియగు జాన్ హెన్రీ వివియన్ పొగ నణచుటకు పూనుకొనెను. 1822లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అచటికి వచ్చి పరీక్షలు జరిపెను. పొగ కొంత తగ్గెనే గాని పోలేదు. 1833లో రైతులు న్యాయస్థానమునకెక్కి ఓడిపోయిరి. కర్మాగారపు పొగ ఆగినచో ఇంటి పొయ్యి ఆరునని వేలాది కుటుంబములకు భయము.

1860ల నుండి ఆ వాయువును పట్టి గంధకామ్లముగా అమ్మసాగిరి. న్యాయస్థానము చేయనిదానిని లాభాపేక్ష కొంతవరకు చేసెను! కొలుములు చల్లారిన పిదప, 1961లో ఆరంభమైన పరిశోధన ప్రణాళిక ఫలితముగా లోయలో చెట్లు నాటబడెను; కొండ మరల పచ్చబడెను.

రాగి లాభమును యజమానులు తమ లెక్కలలో వ్రాసికొనిరి. రైతు నష్టమును, బోడికొండను ఏ పద్దునను చేర్చలేదు. ఆ బాకీని తరువాతి తరములవారు తీర్చిరి.