కొలత మారని మరమ్మతు

హైదరాబాదులో వెంగళరావు నగరు నుండి కొద్ది దూరము నడచిన అమీర్‌పేట వచ్చును. 1990 తరువాతి సంవత్సరములలో అచ్చటి మైత్రీవనము పరిసరములందు కంప్యూటరు శిక్షణ కేంద్రములు వరుసగా వెలసినవి. జిల్లాల నుండి వచ్చిన యువకులు చుట్టుప్రక్కల కాలనీలలో గదులు అద్దెకు తీసికొని, ఉదయము ఒక తరగతికి, సాయంకాలము మరొక తరగతికి పోవుచుండిరి. ఆనాడు ఉద్యోగములు తెచ్చిపెట్టిన విద్యలలో పాత కోబాల్ ప్రోగ్రాములను సరిదిద్దుట యొకటి. ఆ ప్రోగ్రాములలోని దోషము చూచుటకు చిన్నది. వానిని వ్రాసినవారు సంవత్సరమును చివరి రెండంకెలతోనే గుర్తించిరి. 1999 అనుటకు 99 అని వ్రాసిరి. మరుసటి సంవత్సరము 00 అగును. దానిని యంత్రము 1900 అని చదువును.

ఈ దోషమును తొలగించుటకు రెండు మార్గములుండెను. మొదటిది, రెండంకెల గడిని నాలుగంకెల గడిగా పెంచుట. ఇది శాశ్వతమైన మార్గమే గాని, ఆ గడిని చదువు ప్రోగ్రాము లన్నిటిని ఒకేసారి మార్చవలెను. రెండవది, గడిని అట్లే ఉంచి చదువు పద్ధతిని మార్చుట. ఉదాహరణకు, 00 నుండి 49 వరకు గల అంకెలను 2000 తరువాతి సంవత్సరములుగాను, 50 నుండి 99 వరకు గల అంకెలను 1900 తరువాతి సంవత్సరములుగాను ఎంచుట. దీనికి కిటికీ పద్ధతి యని పేరు. ఇందులో వ్రాత మారదు, అర్థము మాత్రము మారును. ఈ రెండవ ఉపాయమే 2018లో లినక్స్ అను కంప్యూటరు వ్యవస్థలో, వేరొక కాలదోషమును తీర్చుటకు మరల అక్కరకు వచ్చినది.

గడి ఎందుకు పెంచరాదు?

కంప్యూటరులో నడచు ప్రోగ్రాములు రెండు తెగలు. యంత్రమును స్వయముగా అదుపులో ఉంచుకొని నడుపునది కెర్నెల్. లేఖలు వ్రాయుటకు, పాటలు వినుటకు, లెక్కలు చేయుటకు జనులు వాడునవి వాడుక ప్రోగ్రాములు. ఇవి యంత్రమును తాకలేవు. తమకు కావలసిన దానిని కెర్నెల్‌ను అడిగి తీసికొనును. కెర్నెల్‌లో ఒక్కొక్క పరికరమును నడుపు భాగమునకు డ్రైవరు అని పేరు. కీబోర్డు మీటను నొక్కినపుడు, మౌసును కదల్చినపుడు, ఫోను అద్దముపై వ్రేలు మోపినపుడు ఆ సంగతిని మొదట గ్రహించునది డ్రైవరే.

డ్రైవరు ఆ సంగతిని ఒక నిర్ణీతమైన పట్టీగా కూర్చి వాడుక ప్రోగ్రాముకు అందించును. ఈ పట్టీలో గడుల మధ్య గీతలు లేవు. ఎన్నవ స్థానము నుండి ఏ సంగతి మొదలగునో ఇరుపక్షములకు ముందే తెలిసియుండవలెను. ఒక ఉపాధ్యాయుడు మార్కులను 07085 అని వ్రాసి, మొదటి రెండంకెలు విద్యార్థి వరుస సంఖ్య, తరువాతి మూడు మార్కులు అని చెప్పెననుకొందము. ఏడవ విద్యార్థికి 85 మార్కులని అందరు గ్రహింతురు. విద్యార్థుల సంఖ్య నూరు దాటుటచే మరునాడాయన వరుస సంఖ్యకు మూడంకెలు కేటాయించి 007085 అని వ్రాసెను. కబురు తెలియని గుమాస్తా పాత అలవాటున చదివిన, వరుస సంఖ్య 00, మార్కులు 708 అగును. మిగిలిన 5 తరువాతి విద్యార్థి లెక్కలో చేరి దానిని కూడ చెడగొట్టును. ఉపాధ్యాయుడు చేసిన మార్పు న్యాయమైనదే. గుమాస్తా తప్పు చేయలేదు. అయినను పట్టీ చెడినది.

కాలగణనము పుట్టుక

లినక్స్ తన కాలగణనమును యూనిక్స్ అను పూర్వ వ్యవస్థ నుండి గ్రహించెను. 1971 నాటి యూనిక్స్ సెకనులో అరువదవ వంతును కొలతగా గైకొని, 32 బిట్ల సంఖ్యలో కాలమును లెక్కించెను. అట్టి సంఖ్య సుమారు 829 దినములలో నిండిపోవును. అందుచే గణనమునకు ఆరంభ దినమును ఒకటి రెండు పర్యాయములు మార్చిరి. తుదకు సెకనును కొలతగాను, 1970 జనవరి 1వ తేదీని ఆరంభముగాను స్థిరపరచిరి. నాడట్లు మార్చగలుగుటకు కారణము, ఆ వ్యవస్థను వాడు యంత్రములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే ఉండుట.

సెకనులను లెక్కించు ఈ 32 బిట్లలో ఒకటి ధన ఋణ భేదమును తెలుపుటకు పోగా, తక్కిన 31 బిట్లలో ఇముడు పెద్ద సంఖ్య 2147483647. దీనిని సంవత్సరములుగా మార్చిన 68 చిల్లర వచ్చును. అనగా ఈ గణనము 2038 జనవరి 19వ తేదీన, భారత కాలమానము ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకనులకు నిండును. మరుసటి సెకనున సంఖ్య ఋణసంఖ్యగా మారి, యంత్రము తాను 1901 డిసెంబరులో ఉన్నట్లు తలచును.

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను ఆరంభించెను. 1999 ప్రాంతమున వోయ్‌టెక్ పావ్లిక్ కీబోర్డు, మౌసు మొదలగు వాని కన్నిటికి ఉమ్మడి పట్టీ నొకదానిని రూపొందించెను. 32 బిట్ల యంత్రములందు దాని నిడివి 16 బైట్లు. సెకనులకు 4, సెకనులో పదిలక్షవ వంతులకు 4, సంగతి యొక్క తెగకు 2, మీట సంఖ్యకు 2, విలువకు 4 బైట్లు. సెకనుల గడిలో 2038 నాటి దోషము పుట్టుకతోనే చేరినది. మౌసును రెండుమార్లు వెంటవెంట నొక్కితిమా, విడివిడిగా నొక్కితిమా యని ప్రోగ్రాము తేల్చుకొనునది ఈ కాలమును బట్టియే. కాలము వెనుకకు దుమికిన వ్యవధి లెక్క తలక్రిందులగును. ఆండ్రాయిడ్ ఫోనులు సైతము లినక్స్ కెర్నెల్ పైననే నడచుచు, వ్రేలి స్పర్శను ఈ పట్టీ ద్వారానే గ్రహించుచున్నవి.

లినక్స్ వారి కట్టుబాటు

గడిని 8 బైట్లకు పెంచిన సరిపోవును గదా యని తోచవచ్చును. అట్లు చేసిన పట్టీ 24 బైట్లగును. 16 బైట్ల చొప్పున చదువుటకు అలవడిన ప్రోగ్రాములన్నియు ఆ గుమాస్తావలె పొరబడును. దీనికి లినక్స్ సంప్రదాయము ఒప్పదు. నిన్నటి దినమున నడచిన వాడుక ప్రోగ్రాము కెర్నెల్‌లోని మార్పు వలన నేడు నడువకపోయిన, ఆ తప్పు కెర్నెల్‌దే యని వారి కట్టుబాటు. 2012 డిసెంబరులో మీడియా డ్రైవర్ల భాగమున ఒక లోపసంఖ్యకు బదులు మరొక లోపసంఖ్య వెలువడునట్లు మార్చగా, కొందరి యంత్రములలో ధ్వనిని నడుపు ప్రోగ్రాములు చెడినవి. దోషము ఆ ప్రోగ్రాములదే యను వాదము వచ్చెను. టోర్వాల్డ్స్ దానిని తీవ్రముగా త్రోసిపుచ్చి, వాడుక ప్రోగ్రాములను చెడగొట్టరాదను నియమమును బహిరంగముగా గట్టిగా చాటెను.

బిట్టు కదలకుండ సవరణ

ఆర్ండ్ బెర్గ్‌మాన్ మున్నగువారు 2038 దోషమును కెర్నెల్ నలుమూలల వెదకి తొలగించుచుండిరి. ఆ పనిలో భాగముగా 2018 జనవరిలో, ఈ పట్టీ విషయమై దీపా దినమణి వ్రాసిన సవరణ కెర్నెల్‌లో చేరినది. దాని సారము సులభము. సెకనుల గడి నాలుగు బైట్లుగనే ఉండును. కాని ధన ఋణ భేదమునకు కేటాయించిన బిట్టును కూడ ఇకపై సంఖ్యలో భాగముగనే చదువవలెను. కాలము ఎన్నడును ఋణసంఖ్య కానక్కరలేని పట్టీలో ఆ బిట్టు వ్యర్థముగా పడియుండెను. దానిని కూడ లెక్కలోనికి తీసికొన్న గడిలో 4294967295 వరకు ఇముడును. గణనము 2106 ఫిబ్రవరి 7వ తేదీ వరకు సాగును. కోబాల్ కాలపు కిటికీ పద్ధతి వలెనే ఇందును వ్రాత మారలేదు, అర్థము మారినది.

పాత ప్రోగ్రాములకు దీనివలన ఏ మార్పును కనబడదు. 2038 లోపల ఆ బిట్టు ఎల్లప్పుడు సున్నయే గనుక పాత చదువునకు, కొత్త చదువునకు ఒకే ఫలితము వచ్చును. 2038 దాటియు నడువవలసిన ప్రోగ్రాములను మాత్రము కొత్త నిర్వచనముతో మరల కూర్చుకొనవలెను. తేదీతో పనిలేక వ్యవధి మాత్రమే కావలసిన ప్రోగ్రాములకు 2012 నుండియే మరొక దారి కలదు. యంత్రము మేల్కొన్నది మొదలు గడచిన కాలమును ఇమ్మని అవి డ్రైవరును కోరవచ్చును.

సవరణకు సవరణ

ఇంత జాగ్రత్తతో చేసిన పనియు మొదటిసారియే నిర్దుష్టము కాలేదు. కెర్నెల్‌ను కూర్చునప్పుడు గుర్తుగా వాడు ఒక మాటకు ముందు రెండు, వెనుక రెండు అడుగుగీతలు ఉండవలెను. సవరణలో వెనుకటి రెండు గీతలు లోపించినవి. అట్టి మాట లేనే లేదని యంత్రము తలచెనే గాని, తప్పని ఎత్తిచూపలేదు. అందువలన కెర్నెల్ తన లోపల మరియొక సంవత్సరము పాత నిర్వచనమునే వాడుచుండెను.

ఈ పొరపాటు మరొక పొరపాటును దాచినది. 64 బిట్ల స్పార్క్ యంత్రములందు సెకను భాగములకు 4 బైట్లే వాడి, తరువాతి 4 బైట్లను ఖాళీగా విడుతురు. తక్కిన 64 బిట్ల యంత్రములలో ఆ ఎనిమిదియు సంఖ్యకే చెందును. పైగా స్పార్క్ యంత్రము సంఖ్యలోని పెద్ద భాగమును ముందు వ్రాయును. కెర్నెల్ అచ్చట ఎనిమిది బైట్ల సంఖ్యను వ్రాసిన, దాని విలువ ఖాళీ స్థలములో పడును. ప్రోగ్రాము మొదటి నాలుగు బైట్లను చదివి సున్న యని గ్రహించును. స్పార్క్ కొలతలోని ఈ భేదమును బెర్గ్‌మాన్ గమనించెను. 2019 జనవరిలో దీపా దినమణి గీతలను సరిచేసి, స్పార్క్‌నకు ప్రత్యేకముగా 4 బైట్ల గడిని ఏర్పరచిరి.

అంతటితోనైనను కథ ముగియలేదు. గడిని నాలుగు బైట్లు చేసినపుడు దాని వెనుకటి ఖాళీని విడుచుట మరచిరి. తత్ఫలితముగా కాలము సరిగానే ఉన్నను, దాని తరువాతి గడులన్నియు నాలుగు బైట్లు ముందుకు జరిగినవి. వరుస సంఖ్య సరియై మార్కులు చెడినట్లయినది. 2019 డిసెంబరులో బెర్గ్‌మాన్ ఆ ఖాళీని మరల చేర్చి పట్టీని పూర్వపు కొలతకు తెచ్చెను. ఏ అక్షరమునకును విలువ లేని నాలుగు బైట్ల శూన్యస్థలము కూడ ఇరుపక్షముల ఒప్పందములో భాగమే యని దీనివలన తేలినది.

మిగిలిన పని

కెర్నెల్‌లోని తక్కిన భాగములలో మరొక మార్గమును అవలంబించిరి. 2019లో వెలువడిన లినక్స్ 5.1లో, 32 బిట్ల యంత్రముల కొరకు 64 బిట్ల కాలమును గైకొను కొత్త పిలుపులను చేర్చిరి. పాత పిలుపులను తీసివేయక, వాని ప్రక్కనే కొత్తవానిని నిలిపిరి. 2020లో వచ్చిన 5.6తో ఆ యంత్రములకు కెర్నెల్ 2038ని దాటుటకు సిద్ధమైనది. 2021లో గ్నూ సి గ్రంథాలయమునను ఆ సౌకర్యము చేరినది. ఇక ప్రోగ్రాములను మరల కూర్చువారి వంతు మిగిలినది. గోడలలో, వాహనములలో, కర్మాగారములలో అమర్చబడి ఎన్నడును కొత్త ప్రోగ్రాము ఎరుగని యంత్రములకు ఈ సవరణలు తమంతట తాము చేరవు. వానిని వెదకి మార్చవలసినవారు వాని యజమానులే.

యూనిక్స్ తొలినాళ్ళలో గణనమునకు ఆరంభ దినమును మార్చుట కొద్దిమందితో తీరిన పని. ఒక్క బిట్టు అర్థమును మార్చుటకు 2018 నాటికి రెండు సంవత్సరములు, పలు సవరణలు పట్టినవి. లెక్క కష్టమైనది కాదు. ఆ నడుమ ఆ లెక్కపై ఆధారపడినవారు పెరిగిరి. దోషమును కనుగొన్న విద్యార్థి దానిని దిద్దుటకు ముందు, దానిని నమ్ముకొని ఎవరెవరు పని సాగించుచున్నారో కూడ వెదకి చూడవలెను. 2106 నాటికి ఈ పట్టీ ఇంకను వాడుకలో ఉన్నచో, అప్పటివారును మొదట చేయవలసిన పని అదియే.