కొండ మొదట బండి సుంకము

హవాయి దీవులలో ఓహూ అను దీవికి దక్షిణపు తీరమున, హోనొలూలూ నగరపు అంచున, సముద్రమునకు ఎదురుగా చల్లారిన అగ్నిపర్వత మొకటి నిలిచియున్నది. దాని ఎత్తు 761 అడుగులు. ఆ దేశపు జనులు దానిని లేఆహి అందురు. ఆహి యను సముద్రపు చేప నుదుటిని పోలియుండుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఇంగ్లీషు నావికులు అచట మెరయు కాల్సైటు స్ఫటికములను చూచి వజ్రములని భ్రమపడి, డైమండ్ హెడ్ అని పిలిచిరి. వజ్రములు లేవని తేలినను పేరు మాత్రము పోలేదు.

ఈ గుట్ట నెక్కుటకు ఒక కాలిబాట కలదు. హవాయి రాష్ట్రమున నివసించువారు తమ గుర్తింపు కార్డును చూపి ఊరక ఎక్కవచ్చును. బండి నిలుపుకొనుటకును వారికి రుసుము లేదు. తక్కినవారు రుసుము చెల్లింపవలెను. 2022 మే 12వ తేదీ నుండి వారికి మరియొక నియమము చేరినది. వచ్చు దినమును వేళను ముందుగా నమోదు చేయించుకొని, తలకు 5 డాలర్లును బండి నిలుపుటకు 10 డాలర్లును కట్టినగాని ఆ బాట మొదట అడుగు పెట్టుటకు వీలులేదు.

ఇచ్చట ‘తక్కినవారు’ అనగా విదేశీయులు మాత్రమే యని తలంపరాదు. కాలిఫోర్నియానుండి వచ్చిన అమెరికా పౌరుడును ఆ లెక్కలోనివాడే. మన తెలుగు కుటుంబములలో టెక్సాసునందో న్యూజెర్సీయందో స్థిరపడినవారు సెలవులకు హవాయికి పోయినచో వారును చెల్లింపవలసినదే. హోనొలూలూలో ఇల్లు కట్టుకొని కాపురమున్న తెలుగువాడు మాత్రము చెల్లింప నక్కరలేదు. కనుక ఈ భేదము జాతినిబట్టి కాదు, మతమునుబట్టి కాదు, పౌరసత్వమునుబట్టియు కాదు. కేవలము చిరునామానుబట్టి ఏర్పడినది. అందరి సొత్తైన బాటపై చిరునామానుబట్టి వెల కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు వెనుక చాల చరిత్ర కలదు.

ముందుగా బాట ఎవ్వరిదో విచారింతము. హవాయి రాజ్యమున భూమిని కొండ శిఖరమునుండి సముద్రము వరకు దిగు చీలికలుగా పంచుకొనెడివారు. అట్టి చీలికను ఆహుపుఆఆ అందురు. కొండవాడు చేపలకు క్రిందికి దిగవలెను, తీరమువాడు కలపకు పైకెక్కవలెను. కావున బాట లేనిదే బ్రదుకు లేదు. 1797లో కమేహమేహ రాజు చేసిన శాసన మొకటి ఆ దేశమున నేటికిని మిక్కిలి గౌరవము పొందుచున్నది. వృద్ధులును స్త్రీలును పిల్లలును దారి ప్రక్కన నిర్భయముగా పరుండవచ్చునని దాని సారము. 1978లో దానిని హవాయి రాష్ట్ర రాజ్యాంగమునందును చేర్చిరి. మరియు 1892లో లిలిఉఓకలాని రాణి కాలమున చేసిన రహదారుల చట్టము అప్పటికి వాడుకలోనున్న బాటల నెల్ల ప్రజల సొత్తని ప్రకటించెను. మరుసటి సంవత్సరమే ఆ రాణి సింహాసనము పోయెను. 1898లో దీవులు అమెరికాలో కలిసెను. రాజ్యము పోయినది గాని బాటల చట్టము పోలేదు. పాత బాటలను గూర్చిన తగవులలో దానిని నేటికిని ఉదహరించుచున్నారు.

అయితే లేఆహి శిఖరమునకు పోవు నేటి బాట ఆ రాణి కాలము నాటిది కాదు. 1904లో అమెరికా ప్రభుత్వము ఆ గుట్టను కొని, తీరరక్షణకై కోట నేర్పరచెను. 1908లో శిఖరమునకు బాట వేసిరి. కంచరగాడిదలపై సామగ్రి మోయించి, 225 అడుగుల సొరంగము తొలిచి, మీద శత్రునౌకలను కనిపెట్టు స్థావరమును కట్టిరి. దానికైన వ్యయము హవాయి దీవులవారు మాత్రమే ఇచ్చినది కాదు, అమెరికా ఖజానానుండి వచ్చినది. నేడు అచ్చట 10 డాలర్లు చెల్లించు కాలిఫోర్నియావాడు, ఆ బాటకు మా తాతలును పన్ను కట్టిరి గదా యనినచో త్రోసిపుచ్చుట కష్టము. కాని బాట వేయుట ఒక యెత్తు, నిలుపుట మరియొక యెత్తు. మెట్లు సడలినను, కమ్ములు తుప్పు పట్టినను, కాలు మడత పడినవానిని క్రిందికి దింపవలసివచ్చినను ఆ వ్యయము నేడు రాష్ట్రముదే.

ఆ 1908వ సంవత్సరముననే వాషింగ్టన్ రాష్ట్రమునందలి మౌంట్ రెయినియర్ జాతీయవనము మోటారు బండ్లను రానిచ్చి వానిపై రుసుము విధించెను. జాతీయవనములలో బండికి వెల కట్టుట అదియే మొదలు. కాలిబాటకు పది దారులుండును. ప్రతి దారియందును కావలి నిలుపుట ఎవ్వరి తరము? బండి మాత్రము ఎక్కడనో ఒకచోట ఆగవలెను. ఆగినచోట అడిగిన చాలును. నడకకు వెల యడుగుచున్నామని చెప్పనక్కరయు లేదు. చోటుకు మాత్రమే అడుగుచున్నామనవచ్చును. ఈ యుక్తి నేడు అమెరికాలో అనేక కొండబాటల మొదట కనబడుచున్నది.

దూరపువానికి ఒక వెల, దగ్గరవానికి ఒక వెల యన్న పద్ధతి మన దేశమునకును క్రొత్త కాదు. పూరీ జగన్నాథ క్షేత్రమున ఈస్టిండియా కంపెనీవారు 1806లో యాత్రికుల పన్ను విధించి 1840 వరకు వసూలు చేసిరి. ఉత్తరమునుండి వచ్చువారికి అఠారనాలా వంతెన వద్దను, దక్షిణమునుండి వచ్చువారికి లోకనాథ ఘట్టము వద్దను సుంకపు ద్వారము లుండెను. మొదటి తరగతి యాత్రికుడు ఉత్తరమునుండి వచ్చినచో 10 రూపాయలు, దక్షిణమునుండి వచ్చినచో 6 రూపాయలు. గంజాము దారిన పోయిన మన తెలుగు యాత్రికులు ఈ రెండవ ద్వారము వద్ద చెల్లించినవారే. వైతరణీ నదికిని గంజామునకును నడుమ నివసించువారికి మినహాయింపు కలదు. ఆనాటి గుమాస్తా అడిగినదియు ‘ఎక్కడనుండి?’ యనియే. కాని ఆ పన్ను రోడ్డు మరమ్మతునకు కొలిచి విధించినది కాదు. భక్తిని ఆదాయముగా చేసికొన్నది. కొండబాట రుసుమును దానితో సమానమనుట న్యాయము కాదు. దాని ఛాయ లేదనుటయు సత్యము కాదు.

అమెరికా న్యాయస్థానములు ఈ ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పలేదు. ఆ దేశపు రాజ్యాంగమున నాలుగవ అధికరణము ఒక రాష్ట్రపు పౌరులను మరియొక రాష్ట్రమువారు పరాయివారుగా చూడరాదను భావమును పొందుపరచినది. దక్షిణ కరోలినా రాష్ట్రము రొయ్యలు పట్టు పడవకు స్థానికునివద్ద 25 డాలర్లును, పొరుగు రాష్ట్రమువానివద్ద 2,500 డాలర్లును వసూలు చేసెను. నూరు రెట్లు! 1948లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. రొయ్యలు పట్టుట జీవనోపాధి. అంతటి భేదమునకు తగిన కారణము చూపవలెనని కోర్టువారు కోరిరి.

ముప్పది యేండ్ల పిమ్మట, 1978లో, మాంటానా రాష్ట్రపు వ్యాజ్యము వచ్చినది. అచట ఎల్క్ అను పెద్ద జింకను వేటాడుటకు స్థానికుడు 9 డాలర్లు కట్టెడివాడు. పరరాష్ట్రమువాడు ఇతర మృగములను కూడ కలిపిన లైసెన్సు కొరకు 225 డాలర్లు కట్టనిదే ఆ జింకను ముట్టరాదు. ఈసారి కోర్టు రాష్ట్రము పక్షమున నిలిచెను. వేట వినోదము గాని బ్రదుకుతెరువు కాదనియు, దాని విషయమున రాష్ట్రములు తమవారికి మేలు చేసికొనవచ్చుననియు ఆరుగురు న్యాయమూర్తులు చెప్పిరి, ముగ్గురు విభేదించిరి. కొండ యెక్కుటయు ఈ తీర్పుతో వినోదపు గూటిలోనికే చేరినది. 2002లో హోనొలూలూ ఫెడరల్ న్యాయస్థానము హనౌమా అఖాతమున పరస్థలులవద్ద తీసికొనుచుండిన 3 డాలర్ల రుసుము చెల్లుననెను. 2021 నాటికి ఆ 3 డాలర్లు 25 డాలర్లాయెను. తలుపు ఒకమారు తెరచిన పిమ్మట వెల యెంతవరకు పెరుగునో చూడుడు.

సముద్రతీరపు తీర్పులు మాత్రము అన్నియు ఇట్లుండలేదు. న్యూజెర్సీలో ఏవన్-బై-ది-సీ యను చిన్న పట్టణము తీరమున స్నానమునకు ఊరివారికంటె ఇతరులకు ఎక్కువ వెల పడునట్లు చేయగా, 1972లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయపీఠము కూడదనెను. సముద్రమును తీరమును ఎల్లరి యుమ్మడి సొత్తన్న భావన రోమను చక్రవర్తి జస్టీనియను న్యాయసంహితనుండి వచ్చినది. కోర్టువారు దానినే చేపట్టిరి. రుసుము తీసికొనుడు గాని అందరివద్దను ఒక్కటే తీసికొనుడని వారి యభిప్రాయము. కొండకు అట్టి రోమను పెద్దదిక్కు లేకపోయెను.

మాకు నచ్చిన కొలబద్ద వేరొకచోట నున్నది. 1964లో అమెరికా కాంగ్రెసు ప్రకృతిస్థలముల సంరక్షణకై ఒక నిధి నేర్పరచెను. ఆ నిధి ధనముతో బాగుపడిన వనములలో పరస్థలునివద్ద తీసికొను రుసుము స్థానికుడు చెల్లించుదానికి రెండింతలు మించరాదని నిబంధన కలదు. స్థానికునకు ఉచితమైనచో, ఆ ప్రాంతమున అట్టి ఇతర స్థలములందు స్థానికులు చెల్లించునంతకు మించి పరస్థలులను అడుగరాదు. ఇది శుష్కమైన దస్త్రపు భాష. కాని ఇందు మర్మమున్నది. స్థానికుడు ఏటేట పన్ను కట్టుచున్నాడు, కనుక అతనికి కొంత తగ్గింపు న్యాయము. పరస్థలుడును దేశపు ఖజానాకు కట్టినవాడే, కనుక అతనిని దోచుకొనరాదు. రెండింతలన్నది శాస్త్రమున పుట్టిన సంఖ్య కాకపోవచ్చును గాని, హద్దన్నది ఒకటి యుండుటయే మేలు. రుసుము నిర్ణయించు సభకు పరస్థలుడు ఓటు వేయలేడు. ఓటు లేనివానిపై వెల పెంచుట ఏ ప్రభుత్వమునకైనను మిక్కిలి సుకరము.

ఐనను స్థానికుల మొరను తేలికగా కొట్టివేయరాదు. కవాయి యను మరియొక దీవిలో హాఎనా యను చోట రోడ్డు అంతమై, పదునొకండు మైళ్ల కలలౌ కాలిబాట మొదలగును. దినమునకు రెండువేలకు మించి జనము వచ్చి, బండ్లను రోడ్డు ప్రక్కల కిక్కిరియ నిలిపెడివారు. 2018 ఏప్రిలులో ఆ ప్రాంతమున ఇరువదినాలుగు గంటలలో 49.69 అంగుళముల వర్షము కురిసి రోడ్డు తెగిపోయెను. ఏడాదికి పైగా వెలుపలివారు రాలేదు. 2019 జూనులో దారి మరల తెరచినప్పుడు పరస్థలులను దినమునకు 900 మందిని మించి రానీయమనిరి. ముందు నమోదును, బండి నిలుపుటకు రుసుమును విధించిరి. ఊరివారికి ఉచితముగా విడిచిరి.

ఆ బాటకు ఊరట కలిగించినది 900 అను సంఖ్య గాని బండికి తీసికొను డాలర్లు కావని మా తలంపు. విమానమున వేల మైళ్లు వచ్చినవానికి 10 డాలర్లు అడ్డు కాదు. పిల్లలతో వచ్చిన మధ్యతరగతి కుటుంబమునకు మాత్రము అది లెక్కలోనికి వచ్చును. రుసుము బాట మరమ్మతునకు వినియోగమగుచున్నంతవరకు దానిని తప్పు పట్టలేము. అట్లు వినియోగమైన దెంతయో, మిగిలిన దెంతయో ఏటేట లెక్క వ్రాసి ఆ బండ్లు నిలుపు చోటనే పలకపై అతికించినచో, చెల్లించువాడును చెల్లింపనివాడును ఒక్కచోటనే నిలిచి చదువుకొందురు.