జెండా మారినా కోరిక మారదు

ఎన్నికలు వస్తే మన గూడేలకు రకరకాల జెండాలు వస్తాయి. రంగులు వేరైనా అడిగేది ఓటే. ప్రభుత్వంలో పార్టీ చేసే పని ఏమిటో మన పిల్లలకు చెప్పాలంటే ఛోటానాగపూర్ ఆదివాసుల చరిత్ర చెప్పాలి.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మన హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. 1939లో ఆయన ఆదివాసీ మహాసభకు అధ్యక్షులయ్యారు. రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడారు. కానీ వినతిపత్రాలతో, ఉపన్యాసాలతో ప్రత్యేక రాష్ట్రం రాదని తెలిసింది. మహాసభ 1950లో జార్ఖండ్ పార్టీ అయింది. 1952 ఎన్నికల్లో బీహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షంగా నిలిచింది. ముండా, సంతాల్, ఉరావ్, హో తెగల కోరికను శాసనసభలో ఒక్క గొంతుగా వినిపించింది ఆ పార్టీయే.

1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఆ కోరికను ఒప్పుకోలేదు. పార్టీ బలం తగ్గింది. 1963లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. జెండా పోయింది గానీ కోరిక పోలేదు. ఊళ్లలో, ఉద్యమాల్లో బతికింది. 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు, జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది.

ఇక మన సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175కి 7, తెలంగాణలో 119కి 12 స్థానాలు షెడ్యూల్డ్ తెగలవి. ఆ స్థానాలు రాజ్యాంగం ఇచ్చినవి. టిక్కెట్టు ఇచ్చేది మాత్రం పార్టీ. 1985లో వచ్చిన 52వ సవరణ ప్రకారం పార్టీ విప్‌ను కాదని ఓటేసిన సభ్యుడి పదవే పోవచ్చు. డబ్బుకు అమ్ముడుపోయే వాళ్లను ఆపడానికి తెచ్చిన ఆ చట్టం, మన భూమి గురించి బిల్లు వచ్చిన రోజున మన సభ్యుడి చేతినీ కట్టేయగలదు.

అలాగని పార్టీలు వద్దనలేం. పార్టీ లేకుంటే ఆ 32 మంది ఒక్క మాట మీద నిలిచేవారు కాదు. అయితే మన కోరికను పార్టీకి అప్పగించి ఇంట్లో కూర్చోకూడదు. 1996 పెసా చట్టం మనకు గ్రామసభను ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని ఆ చట్టం చెబుతుంది. గ్రామసభలో విప్ ఉండదు. అక్కడ అందరం కూర్చుని తీర్మానం రాసుకుంటే, ఏ జెండా వచ్చినా ముందు ఆ కాగితమే చూపించవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఓటు వేయడంతో పాటు తీర్మానం రాయడం కూడా మన పిల్లలకు నేర్పుదాం.