పూటకూటింటి నుండి హోటలు దాక: విస్తరిలో మిగిలిన అన్నము

ఇల్లు విడిచినవానికి వెలకు అన్నము దొరకుట తెలుగునాట క్రొత్త సంగతి కాదు. ఓరుగంటి పూటకూటింటిలో ఒక రూకకు లభించిన భోజనమును క్రీడాభిరామము నోరూరునట్లు వర్ణించినది. సురవరం ప్రతాపరెడ్డిగారు ఇట్టి కావ్యముల నుండియే ఆనాటి తిండితీరులను ఏరి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కూర్చిరి. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఇక గురజాడవారి పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువారు అరుదు.

ఆ పంక్తిభోజనములలో ఒక కట్టుబాటు కలదు. వడ్డించువాడు గరిటెతో వచ్చి, అడిగి, కొంచెము కొంచెముగా వడ్డించును. చాలునన్నవాడు విస్తరిపై చేయి అడ్డము పెట్టును. దీనికి మూలము ఎంగిలి యను భావము. విస్తరిలో పడిన మెతుకు తిన్నవానిదే. అది మరల వంటింటికి పోదు, వేరొక మనుష్యునకు పనికిరాదు. గిన్నెలో ఉన్నంతవరకే అన్నము పదిమందిది. కావున ఎంత యను నిర్ణయము వడ్డనకు ముందే జరుగవలసి యుండెను. అయితే పూర్వులందరును పొదుపరులే యనుట అతిశయోక్తి. పెండ్లివిందులలో వియ్యాలవారికి కొసరి కొసరి వడ్డించి, అడ్డుపెట్టిన చేతిమీదనే నేయి పోసిన ఘనులును మనవారే. మర్యాద మితిమీరిన చోట విస్తళ్లు నిండుగానే లేచెడివి.

పట్టణములలో హోటళ్లు వెలసిన పిమ్మట లెక్క మారినది. టిక్కెట్టు కొన్నవాడు తిన్నను మానినను వెల యొకటే. ‘ఫుల్ మీల్సు’లో అడిగినంత వడ్డన, ‘ప్లేటు మీల్సు’లో ఇంతయని కొలత. మొదటిది దుబారా, రెండవది పొదుపు అని తోచును గాని, నిజము తరచుగా తలక్రిందులు. మారువడ్డన ఉన్నచోట ఆకలికి తగినంతయే అడుగవచ్చును. కొలిచి పెట్టిన పళ్లెములో తినువాని ఆకలిని అడిగినవా రెవరును లేరు. తినలేనిది పారవేయక తప్పదు.

కరవు వచ్చినపుడు ప్రభుత్వములే విస్తరివైపు చూచినవి. యుద్ధకాలమున, 1942లో, బ్రిటను తన భోజనశాలలలో ఒక పూట భోజనమునకు 5 షిల్లింగులకు మించి పుచ్చుకొనరాదని శాసించెను. మరుసటి యేడే వంగదేశపు క్షామములో సుమారు 30 లక్షలమంది మరణించిరి. స్వాతంత్ర్యానంతరము, 1950 నుండి 1952 వరకు ఆహారమంత్రిగా నుండిన కె.ఎం. మున్షీ కాలమున, వారానికొక పూట భోజనము మానుడని దేశమునకు విజ్ఞప్తి వెలువడినది. వారి సతీమణి లీలావతీ మున్షీ పూనికతో, రేషను ధాన్యము వాడని ‘అన్నపూర్ణ’ భోజనశాలలు వెలసినవి. అన్నము లేని భోజనము తెలుగువారికి ఎంత రుచించినదో ఊహించుకొనవచ్చును!

1965లో యుద్ధము, అనావృష్టి కలిసి వచ్చినవి. అమెరికా గోధుమ ఓడ దిగుటయే తడవుగా వంటింటికి చేరవలసిన రోజులవి. 1966లో దిగుమతియైన ధాన్యము సుమారు కోటి టన్నులు. లాల్ బహదూర్ శాస్త్రి వారానికొక పూట ఉపవాసము పాటింపుడని కోరగా, సోమవారము సాయంత్రము ఎన్నియో హోటళ్లు తలుపులు మూసినవి. ఆజ్ఞకంటె విన్నపమే బలముగా పనిచేసిన ఘట్టమది. కాని మంగళవారము విస్తరిలో ఎంత మిగిలినదో అడిగినవారు లేరు. ఈ యత్నము లన్నియు తినుటను తగ్గించినవే కాని వడ్డనను సరిదిద్దినవి కావు.

వడ్డన ప్రశ్న 2017లో బహిరంగముగా చర్చకు వచ్చినది. ఆ మార్చిలో ప్రధాని ఆకాశవాణి ప్రసంగమున అన్నము వృథా చేయుటను ప్రస్తావింపగా, ఏప్రిలులో ఆహారమంత్రి రామ్ విలాస్ పాశ్వాన్, రెండు రొయ్యలు తినగలవానికి ఆరేల యని అడిగిరి. హోటలువారు కలవరపడగా, నిర్బంధము లేదని ప్రభుత్వము చెప్పెను. 2019లో మిగులు ఆహారమును సేకరించి పంచుటకు నిబంధనలు వచ్చినవి. వాటికి లోబడునది హోటళ్లలో వాడక మిగిలిన ఆహారమే. పళ్లెములోని శేషము కాదు. ఎంగిలి యను పాత మాటకు చట్టము తన దారిన తాను వచ్చి చేరినదనవలెను. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారము 2022లో లోకమున వృథాయైన ఆహారము 105 కోట్ల టన్నులు. అందు 28 శాతము భోజనశాలలు, తత్సమాన సంస్థలది, 60 శాతము ఇండ్లది. నింద హోటళ్లమీదనే మోపుట న్యాయము కాదు.

ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ క్యాంటీనులో పప్పు, కూర, పులుసు పట్టుకొని పంక్తివెంట తిరుగు వడ్డన చూచినవారికి పూటకూటింటి పద్ధతి బొత్తిగా అంతరింపలేదని తెలియును. 1991లో ప్రాధికార సంస్థ ఏర్పడిన గ్రేటర్ నోయిడాకు అట్టి పాత పంక్తులు లేవు. ఉన్నవి ధాబాలు, బఫేలు, బిర్యానీ హోటళ్లు. అయినను ఉత్తరాదివారిది మెచ్చదగిన వాడుక యొకటి కలదు: ‘హాఫ్ ప్లేటు’. దాలైనను పనీరైనను సగము అడుగుట ఇచ్చట నామోషీ కాదు. మనవారు మాత్రము పరువునకై పూర్తి ప్లేటు తెప్పించి, సగము వదలి లేచుట కద్దు. మిగిలినదానిని డబ్బాలో కట్టించుకొనుటకును కొందరు పెద్దలు సంకోచింతురు. కాని తన ఎంగిలి తన ఇంటికే పోవుటలో ఏ ఆచారమునకును భంగము లేదు. ఇద్దరికి ఒక బిర్యానీ చాలునా యని ముందుగా అడిగినచో, వడ్డించువాడు సాధారణముగా నిజమే చెప్పును.