ఒక్కటి తగిలిస్తే...

మొన్న శనివారం ఇండియన్ షాపులో మా మూడేళ్ళ చిన్నది మామిడిపళ్ళ పెట్టె ముందు కూలబడి ఏడుపు లంకించుకుంది. నేను పక్కన గొంతుక్కూచుని, "కోపం వచ్చింది, తెలుసమ్మా. కానీ ఇవాళ కొనటం లేదు" అని చెప్పి, ఏడుస్తుండగానే ఎత్తుకుని బయటికి తెచ్చాను. తెనాలి నుంచి వచ్చిన మా నాన్న కారెక్కేదాకా ఆగి, "ఒక్కటి తగిలిస్తే ఇంత బాగోతం ఉండేది కాదురా. ఇవన్నీ అమెరికా వేషాలు" అన్నారు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకుంది.

అసలు అమెరికా చరిత్ర చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. 1914 నుంచి ఇక్కడి ప్రభుత్వమే తల్లులకి పంచిన పుస్తకాల్లో పాలు గడియారం చూసి పట్టాలి, ఏడ్చినప్పుడల్లా ఎత్తుకోకూడదు అని రాసేవారు. 1928లో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో మెట్టెక్కాడు. పిల్లల్ని కౌగిలించుకోవద్దు, ఒళ్ళో కూచోబెట్టుకోవద్దు. మరీ ఉండబట్టకపోతే రాత్రి పడుకునేముందు నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున్నే షేక్‌హ్యాండు! (అప్పటికే ఆయన యూనివర్సిటీ వదిలి అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరాడు. అమ్మటం వచ్చినవాడే.) మా అమ్మమ్మ వింటే పడీ పడీ నవ్వేది.

దీనికి విరుగుడుగా 1946లో డాక్టర్ బెంజమిన్ స్పాక్ పుస్తకం వచ్చింది. గడియారాన్ని కాదు, పిల్లని చూడండి, మీ మీద మీకు నమ్మకం ఉంచుకోండి అన్నది దాని సారాంశం. కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. ఇరవయ్యేళ్ళు ఎవరూ పెద్దగా తప్పు పట్టలేదు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1968లో ఆయన మీద కేసు నడిచిన రోజుల్లో మొదలైంది గోల.. ఈ డాక్టరు గారాబం నేర్పబట్టే కుర్రాళ్ళు రోడ్డెక్కారని. నిక్సన్ దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన స్పిరో ఆగ్న్యూదీ అదే పాట. కోపం యుద్ధం గురించి, దెబ్బ పడింది పిల్లల పెంపకం మీద.

అలాగని విమర్శంతా ఉత్తిదే అనను. పిల్లలకి గట్టిగా వద్దని చెప్పలేని తల్లిదండ్రులు ఎక్కువవుతున్నారని గమనించి స్పాకే 1957 ముద్రణలో మాట సవరించుకున్నాడు. 1960లలో బర్క్‌లీలో డయానా బామ్‌రిండ్ నర్సరీ పిల్లల్నీ వాళ్ళ ఇళ్ళనీ పరిశీలించి తల్లిదండ్రుల్లో మూడు రకాలు చూపించింది.. హుకుం నడిపేవాళ్ళు, ఏదడిగినా సరేననేవాళ్ళు, ప్రేమగా ఉంటూనే మాట మీద నిలబడి కారణం చెప్పేవాళ్ళు. ఈ మూడోరకం ఇళ్ళ పిల్లలే తమంతట తాము నెట్టుకురావటంలో ముందున్నారు. షాపులో నేను చేయబోయిందీ అదే. మామిడిపళ్ళు కొనలేదు కదా! (నాకు కలిసిరాని సంగతి కూడా చెప్పేస్తా. ఎప్పుడో ఒక చిన్న దెబ్బకే పిల్లలు పాడైపోతారంటే బామ్‌రిండ్ ఒప్పుకోలేదు.)

ఇక మన దేశం సంగతి. వకీలు పని వదిలిన గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టి, బెత్తం లేకుండా కథలతో, ఆటలతో చదువు చెప్పాడు. మన చలం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఎన్నో బడులు చూసినవాడు. 'బిడ్డల శిక్షణ'లో పిల్లల్ని కొట్టొద్దని మొత్తుకున్నాడు. వీళ్ళెవరికీ ఈ బుద్ధి అమెరికాలో పుట్టలేదు. అన్నట్టు, నాన్న తరచూ చెప్పే సంస్కృత శ్లోకం కూడా ఐదేళ్ళదాకా లాలించమనే అంటుంది, దండించటం ఆ తర్వాతే. మాకింకా రెండేళ్ళు టైముంది :)

నేనేం సాధువుని కాదు. పోయిన చలికాలం ఆఫీసు కాల్‌లో ఉండగా లాప్‌టాప్ మీద పాలు ఒలకబోసిందని చేతి మీద చరిచాను. ఆ తర్వాత వారం పాటు నేను తల గోక్కోవటానికి చెయ్యెత్తినా ఒకడుగు వెనక్కి వేసేది. ఆ అడుగు నాకు తెలుసు. ఏడో క్లాసులో లెక్కల మాస్టారు బల్ల పక్కనుంచి నడిస్తే నేనూ అలాగే జరిగేవాణ్ణి.

ఇదంతా నాన్నతో చెప్పాను, ఆ పాల సంగతితో సహా. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఆ స్పాక్‌ని జైల్లో వేశారా?" అని మాత్రం అడిగారు. శిక్ష వేశారు గానీ 1969లో అప్పీల్‌లో కొట్టేశారని చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి వంటింట్లో మామిడిపళ్ళ పెట్టె ఉంది. పక్కింటాయన కారులో వెళ్ళి తెచ్చారట. ముక్కలు కోసి దానికి పెడుతున్నారు.