మండిపడు

మండిపడు: ఎదుటివారి మీద కోపాన్ని మాటల్లో గట్టిగా వెళ్లగక్కడాన్ని తెలిపే తెలుగు జంట క్రియ. ఇంగ్లీషు ‘ఫ్లేర్ అప్’ దీనికి దగ్గరి చుట్టం. ‘మండి’ అనే క్త్వార్థక రూపానికి ‘పడు’ చేరి ఏర్పడింది. విరుచుకుపడు, ఎగిరిపడు లాగే ఇందులోనూ ‘పడు’ తన సొంత అర్థాన్ని వదిలేసుకుంది. రెండు ముక్కలనూ విడదీయలేం. ‘తిట్టి మరీ పంపాడు’ అంటాం, ‘మండి మరీ పడ్డాడు’ అనం.

‘మండిపోవు’తో దీన్ని కలపకూడదు. వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో వనపర్తి రాజులు కట్టించిన రంగనాయకస్వామి గుడి ఉంది. నడివేసవి మధ్యాహ్నం ఆ రాతి మెట్లెక్కితే అరికాళ్లు మండిపోతాయి. మండిపడాలంటే మాత్రం మనిషి ఉండాలి, ఆ కోపానికి గురయ్యేవారూ ఉండాలి. అందుకే వెంట ‘మీద’, ‘పై’ వస్తాయి.

ఇంకో విశేషం. ఈ మాట ఎక్కువగా ఇతరుల గురించి చెప్పేది. తన సంగతికొస్తే ఎవరైనా ‘నాకు ఒళ్లు మండింది’ అంటారు. ‘నేను మండిపడ్డాను’ అనడం అరుదు. ఒళ్లు మండినవాడు నోరు మూసుకుని ఉండొచ్చు, మండిపడినవాడి మాట నలుగురికీ వినిపించాల్సిందే. పత్రికలకు ఇది ముద్దొచ్చేది అందుకే. ప్రతిపక్ష నేత ప్రభుత్వాన్ని కాస్త విమర్శించినా శీర్షికలో ‘మండిపాటు’ అయి కూర్చుంటుంది. అతిగా వాడి దాని వేడిని పత్రికలే తగ్గించాయి.

అన్ని కోపాలూ ఈ మాటలో ఇమడవు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాట విని, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి మండిపడ్డారని రాస్తే తప్పు కాదు, కానీ చాలదు. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో 1896లో పుట్టిన ఆయన, 354 మంది కవులను పోగుచేసి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. మండిపాటు పూటలో చల్లారుతుంది. అలాంటి పట్టుదలకు ‘రోషం’ అన్నదే సరైన మాట.

విరుచుకుపడు తుపానుకూ సేనకూ కూడా చెల్లుతుంది. రగిలిపోవు లోలోపలిది, రోజుల తరబడి సాగేది. ఇక పాలమూరు పల్లెల్లో మాటల మధ్య మండిపడు వినిపించేది తక్కువే. అక్కడ ‘గరమైండు’ అంటే పని అయిపోతుంది.